ఒక్క పిల్లవాడికి రెండు దేశాల బడులు

ప్రశ్న: మేము ఆరేళ్ళుగా జర్మనీలోని మ్యూనిక్‌లో ఉంటున్నాం. బాబును మూడేళ్ళ వయసులో ఇక్కడికి తీసుకొచ్చాం. పోయిన అక్టోబరుకు తొమ్మిదేళ్ళు నిండాయి, మూడో తరగతి చదువుతున్నాడు. ఉదయం ఎనిమిదికి మొదలయ్యే బడి మధ్యాహ్న భోజనం వేళకల్లా అయిపోతుంది. ఇంటిపని అరగంట కూడా పట్టదు. మిగతా పొద్దంతా సైకిలు, బంతి, స్నేహితులు. ఆగస్టులో విజయవాడ వెళ్ళినప్పుడు మా ఆడపడుచు కొడుకును చూశాక నాకు నిద్ర పట్టలేదు. మావాడికన్నా నాలుగు నెలలే పెద్ద, కానీ అయిదో తరగతి. ఇరవయ్యో ఎక్కం దాకా తడుముకోకుండా చెబుతాడు. అప్పుడే ఐఐటీ ఫౌండేషన్ పుస్తకం పట్టాడు. తిరిగి వచ్చాక మావాడికి హైదరాబాద్ నుంచి ఆన్‌లైన్‌లో లెక్కల ట్యూషన్, శని ఆదివారాల్లో అబాకస్ పెట్టించాం. ఈమధ్య సరిగ్గా ట్యూషన్ వేళకు కడుపునొప్పి అంటున్నాడు. గత నెల టీచరు పిలిచి, లెక్కలు బాగున్నాయి గానీ జర్మన్ చదివి అర్థం చేసుకోవడం, రాయడం తక్కువగా ఉన్నాయని, ఇలాగే ఉంటే నాలుగో తరగతి తర్వాత విశ్వవిద్యాలయ చదువుకు దారితీసే గిమ్నాజియం బడిలో సీటు కష్టమని చెప్పారు. పదేళ్ళకే పిల్లల్ని మార్కులను బట్టి వేర్వేరు రకాల బడులకు వేరు చేసే దేశంలో ఉండటం కన్నా హైదరాబాద్ వెళ్ళిపోదామని మావారు అంటున్నారు. మామగారు పోయాక అత్తగారు కూడా తెనాలిలో ఒంటరిగా ఉన్నారు. వెళ్ళిపోవడం మంచిదా, ఉండటం మంచిదా? అసలు ఏ దేశం చదువు మంచిది?
ఒక తల్లి, మ్యూనిక్

సమాధానం:

అమ్మా, మీ బాబు వెనకబడలేదు. ముందు ఈ మాట నమ్మండి, తర్వాత మిగతావి మాట్లాడుకుందాం. నేను గుంటూరు జిల్లాలో జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో చాలా ఏళ్ళు లెక్కలు చెప్పాను. పదవీ విరమణ తర్వాత మ్యూనిక్ శివారులో కూతురి దగ్గర కొంతకాలం ఉండి, శనివారాల్లో అక్కడి మన పిల్లలకు తెలుగు నేర్పాను. మీరు పోల్చి చూస్తున్న రెండు బడులూ నాకు పరిచయమే. మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టింది టీచరు చెప్పిన మాటకన్నా ఆ కడుపునొప్పి.

ఆ రెండు తరగతుల తేడా సంగతి చూద్దాం. మ్యూనిక్ ఉన్న బవేరియా రాష్ట్రంలో సెప్టెంబరు 30 నాటికి ఆరేళ్ళు నిండిన పిల్లలే మామూలుగా ఆ ఏడాది ఒకటో తరగతిలో చేరతారు. మీవాడు అక్టోబరులో పుట్టాడు కాబట్టి కొద్ది రోజుల తేడాతో ఆగిపోయి, ఏడేళ్ళు నిండబోతుండగా చేరాడు. మీ ఆడపడుచు కొడుకు జూన్‌లో పుట్టినవాడు. మన బడులు తెరిచే వేళకు అయిదేళ్ళు నిండీ నిండకుండానే ఒకటో తరగతి బెంచీ ఎక్కాడు. ఒకటో తరగతికి ఆరేళ్ళు ఉండాలని 2020 జాతీయ విద్యా విధానం చెబుతున్నా, అయిదేళ్ళకే చేర్చే అలవాటు మన ప్రైవేటు బడుల్లో ఇంకా పోలేదు. ఆ బావా బావమరుదుల మధ్య మీరు చూసిన దూరం పుట్టిన తేదీలూ ప్రవేశ నిబంధనలూ కలిసి పెట్టినది. తెలివికీ దానికీ సంబంధం లేదు.

పాఠాల్లోనూ మీరు భయపడుతున్నంత తేడా లేదు. బవేరియాలో మూడో తరగతి లెక్కల్లో వెయ్యి దాకా సంఖ్యలు నేర్పి, నాలుగో తరగతిలో ఒక్కసారిగా పది లక్షల దాకా తీసుకెళతారు. ఎన్‌సీఈఆర్‌టీ మూడో తరగతి పుస్తకం కూడా మూడంకెల సంఖ్యల చుట్టూనే తిరుగుతుంది. ఈ వయసు పిల్లల నుంచి రెండు ప్రభుత్వాలూ అడుగుతున్నది ఇంచుమించు ఒకటే. విజయవాడలో మీకు కనిపించిన అదనపు బరువు ఫౌండేషన్, ఒలింపియాడ్ పేర్లతో ప్రైవేటు బడులు పైన పేర్చినది. ఎక్కాలు కంఠతా రావడాన్ని నేను తక్కువ చేయను. లెక్కల టీచరును, వాటి విలువ నాకు తెలుసు. పదో ఎక్కం దాకా జర్మనీలోనూ నోటికి నేర్పిస్తారు. ఇరవై దాకా కావాలంటే ఒక వేసవిలో నాయనమ్మ దగ్గర కూర్చుని నేర్చుకుంటాడు. కానీ ఇంటర్ తర్వాత రాసే పరీక్షకు తొమ్మిదేళ్ళప్పుడు పునాది వేస్తామనడం వ్యాపారపు మాట. అలాంటి బడుల నుంచి వచ్చి తొమ్మిదో తరగతిలో నా దగ్గర చేరిన పిల్లలకు సూత్రాలన్నీ నోటికి వచ్చేవి. ఆ సూత్రం ఎందుకు నిజమో చెప్పమంటే నేల చూపులు చూసేవారు. అలా చూసినందుకు నేను ఏ పిల్లవాణ్నీ తప్పు పట్టలేదు. ఎందుకు అని అడగడానికి వాళ్ళకు ఎవరూ వ్యవధి ఇవ్వలేదు.

ఇంకో సంగతి. మీరు విజయవాడను చూసింది ఆగస్టులో. బవేరియా వేసవి సెలవులు ఆగస్టు మొదటి నుంచి సెప్టెంబరు మధ్య దాకా. ఆ రోజుల్లో మన బడులు జోరు మీద ఉంటాయి, యూనిట్ పరీక్షలు నడుస్తుంటాయి. మీవాడు ఊయల మీద ఊగుతూ బావ ఎప్పుడు వస్తాడా అని ఎదురు చూస్తాడు, ఆ బావ సాయంత్రం ఆరు దాటాక నీరసంగా వ్యాను దిగుతాడు. అక్కడి బాల్యంలో మంచిదంతా సంక్రాంతికి, మే నెలలో కనిపిస్తుంది, అది మీకు ఎన్నడూ కనిపించదు. క్రిస్మస్ సెలవులు జనవరి మొదటి వారంలోనే అయిపోతాయి కాబట్టి సంక్రాంతి కళ్ళ ముందే జారిపోతుంది. సెలవు రోజులు కలుపుకొని ముందే బయల్దేరుదామంటే జర్మనీలో బడికి హాజరు కావడం చట్టప్రకారం తప్పనిసరి. 2018లో పెంతెకోస్తు సెలవులకు ముందు మెమ్మింగెన్ విమానాశ్రయంలో బడి ఈడు పిల్లలతో వచ్చిన కుటుంబాలను పోలీసులు ఆపి అడిగారు కూడా. అందుకే నేను చెప్పేది, ఈసారి ఆ పెంతెకోస్తు సెలవులకే విజయవాడ వెళ్ళండి. బవేరియాలో మే చివరనో జూన్ మొదట్లోనో రెండు వారాలు ఇస్తారు. చాలా ఏళ్ళు అవి మన వేసవి సెలవుల చివరి రోజులతో కలుస్తాయి. రోహిణి కార్తె ఎండలు మండిపోతాయి, నిజమే. మామిడిపళ్ళు ఉంటాయి, బావ ఇంట్లో ఉంటాడు, రాత్రి డాబా మీద పక్కలు వేసుకుంటారు. అప్పుడు పోల్చి చూడండి, మీ బెంగ సగం తగ్గుతుంది.

మీరు వృథా అనుకుంటున్న మధ్యాహ్నాల గురించి కూడా చెప్పాలి. మ్యూనిక్‌లో చలికాలం పొద్దున్నే పాల కోసం వెళ్ళేటప్పుడు నేను చూసేదాన్ని. ఏడున్నర దాటినా ఇంకా చీకటే. వీపున పెట్టె లాంటి బడి సంచి, దాని మీద మెరిసే పట్టీలు, ఇద్దరు ముగ్గురుగా పిల్లలు నడిచి వస్తుంటారు. పక్కన పెద్దవాళ్ళు ఉండరు. దారి దాటే చోట పసుపు కోటు వేసుకున్న పెద్దాయన ఒకరు చేతిలో పలక పట్టుకుని నిలబడతారు. జీతానికి చేసే ఉద్యోగం కాదది. ఆ పేటలోని తల్లిదండ్రులో, తాతలో వంతుల వారీగా ముందుకొచ్చి చేసే పని. ఒకరోజు ఒక చిన్నపిల్ల ఆయన పలక ఎత్తినా కదలలేదు. ఎడమకు చూసింది, కుడికి చూసింది, మళ్ళీ ఎడమకు చూసింది, అప్పుడు అడుగు వేసింది. ఆయన అంతసేపూ పలక దించకుండా ఓపిగ్గా నిలబడ్డారు. నాలుగో తరగతికి వచ్చేసరికి పోలీసులే బడి పిల్లలకు సైకిలు నడపడంలో శిక్షణ ఇచ్చి పరీక్ష పెడతారు. ఈతలో సముద్రపు గుర్రం బొమ్మ ఉన్న తొలి బిళ్ళ కావాలంటే 25 మీటర్లు ఈది, భుజాల లోతు నీళ్ళ అడుగున ఉన్న వస్తువును చేత్తో పైకి తీసుకురావాలి. మీవాడు ఇవన్నీ నేర్చుకుంటున్నాడు. దారి తెలుసుకోవడం, వేళకు ఇంటికి రావడం, స్నేహితుడితో గొడవపడి తానే సర్దుకోవడం, ఇవి ప్రగతి పత్రంలో కనిపించవు. కిండర్‌గార్టెన్‌కు 1840లో ఆ పేరు పెట్టిన ఫ్రోబెల్, పిల్లలు ఆటలోనే నేర్చుకుంటారని నమ్మి దాన్ని స్థాపించాడు. మనం ఆ పేరు తెచ్చుకుని, మూడేళ్ళ పిల్లల చేత అక్షరాలు దిద్దిస్తున్నాం. పదేళ్ళ వయసు దాకా పిల్లవాడి రోజు ఎలా గడవాలి అన్న విషయంలో నా ఓటు జర్మనీకే. ఇందులో నాకు తటపటాయింపు లేదు.

అయితే మీ టీచరు చెప్పినదాన్ని తేలిగ్గా తీసుకోమని అనడం లేదు. ఆవిడ చెప్పింది జర్మన్ గురించి. మీరు చేయించింది లెక్కలు. ఏపుగా ఉన్న మడికి నీళ్ళు పెట్టి, బీటలు తీసిన మడిని వదిలేశారు. మధ్యాహ్నం బడి అయ్యాక ఆన్‌లైన్‌లో కూర్చునే ఆ గంటన్నర, వారాంతం అబాకస్, ఈ రెండూ ఈ వారమే మానిపించండి. డబ్బు కట్టేశామని ఆలోచించకండి. పొద్దున ఒక దేశంలో, మధ్యాహ్నం మరో దేశంలో బడికి వెళ్ళాల్సి వస్తే ఏ పిల్లవాడికైనా కడుపులో నొప్పి వస్తుంది. వాడు అబద్ధం ఆడటం లేదు.

మీవాడు ఆటస్థలంలో జర్మన్ గడగడా మాట్లాడుతుంటే భాష వచ్చేసిందని మీరు అనుకుని ఉంటారు. శనివారం తెలుగు బడికి వచ్చే తల్లుల్లో చాలామంది అలాగే అనుకునేవారు. మాట్లాడే భాష వేరు, పాఠం చదివి అర్థం చేసుకుని సొంతంగా నాలుగు వాక్యాలు రాసే భాష వేరు. కెనడా పరిశోధకుడు జిమ్ కమిన్స్ 1979 నుంచి ఈ తేడాను వివరిస్తూ వచ్చారు. కొత్త భాషలో కబుర్లు రెండేళ్ళలో పట్టుబడతాయి, చదువు భాషకు మాత్రం అయిదు నుంచి ఏడేళ్ళు పడుతుందని ఆయన తేల్చారు. అక్కడి పిల్లలకు ఆ చదువు భాష ఇంట్లో రాత్రిపూట అమ్మ చదివి వినిపించే కథల్లోంచి వస్తుంది. మీ ఇంట్లో అది లేదు, మీ తప్పేమీ లేదు. బయటి నుంచి తెచ్చి పెట్టాలి. నగర గ్రంథాలయంలో పిల్లలకు సభ్యత్వం ఉచితం. వారానికి ఒకసారి తీసుకెళ్ళండి, పుస్తకాలు వాడినే ఎంచుకోనివ్వండి. వయసుకు చిన్నవిగా ఉన్నా, బొమ్మలు ఎక్కువగా ఉన్నా, ఫుట్‌బాల్ గురించే అయినా కాదనకండి. చాలా బడుల్లో ఆంటోలిన్ అనే కార్యక్రమం వాడతారు. పుస్తకం చదివాక దాని మీద ప్రశ్నలకు జవాబులు చెబితే పాయింట్లు వస్తాయి. పిల్లలు పోటీపడి చదువుతారు. మీ తరగతిలో ఉందేమో టీచరును అడగండి. ట్యూషన్‌కు ఇచ్చే డబ్బుతో జర్మన్ మాతృభాషగా ఉన్న కాలేజీ విద్యార్థిని ఒకరిని వారానికి రెండుసార్లు పిలిపించి, వాడితో కలిసి చదివించండి. వ్యాకరణం పాఠాలు చెప్పించవద్దు. చదవడం, చదివింది చెప్పించడం, చెప్పింది రాయించడం, అంతే.

ఇంట్లో మాత్రం తెలుగు మానకండి. బడి వాళ్ళెవరైనా ఇంట్లో జర్మన్ మాట్లాడమని సలహా ఇచ్చినా మర్యాదగా కాదనండి. మీకు అరకొరగా వచ్చిన భాషలో పిల్లవాడికి ఏం చెప్పగలరు? కోపం, లాలన, సామెత, వెక్కిరింపు, అన్నీ తెలుగులోనే రావాలి. ఒక భాషలో ఆలోచన చక్కగా పెరిగిన పిల్లలకు రెండో భాష కూడా త్వరగా పట్టుబడుతుంది. శనివారం తరగతిలో నేను చూసింది ఇదే. తెలుగులో కథ బాగా చెప్పగలిగిన పిల్లలే జర్మన్‌లోనూ బాగా రాసేవారు.

ఇప్పుడు గిమ్నాజియం లెక్క చెబుతాను. ఇది తెలియక మన తల్లిదండ్రులు చాలామంది నాలుగో తరగతి మధ్యలో కంగారు పడతారు. బవేరియాలో మార్కులు ఒకటి నుంచి ఆరు దాకా, ఒకటి అన్నిటికన్నా మంచిది. నాలుగో తరగతిలో మే మొదట్లో ఒక పత్రం ఇస్తారు. జర్మన్, లెక్కలు, హెచ్‌ఎస్‌యూ అని పిలిచే పరిసరాల విజ్ఞానం, ఈ మూడింటి సగటు 2.33 లేదా అంతకన్నా మెరుగ్గా ఉంటే గిమ్నాజియం, 2.66 దాకా అయితే పదో తరగతి దాకా నడిచే రేయాల్‌షూలే, లేకపోతే ఎక్కువగా వృత్తి విద్య వైపు నడిపే మిట్టెల్‌షూలే. మీవాడికి లెక్కల్లో 2, మిగతా రెండింట్లో 3 వచ్చాయనుకోండి. సగటు 2.66. మూడింట్లో ఏ ఒక్కదాంట్లోనైనా ఒక్క మెట్టు మెరుగైతే 2.33. మీరు దాటాల్సిన దూరం అంతే. నాలుగో తరగతి లెక్కల పరీక్షలో కూడా మాటల్లో ఇచ్చే లెక్కలు ఉంటాయి. నీటి చక్రం, అడవి, పటం చదవడం, ఊరి పాలన లాంటి పరిసరాల పాఠాలైతే పూర్తిగా మాటల మీదే నడుస్తాయి. కాబట్టి మూడింటికీ తాళం చెవి జర్మన్ చదవడమే. మీకు ఇంకా ఏడాదికి పైగా వ్యవధి ఉంది. పత్రంలో అంకె తక్కువ వచ్చినా, గిమ్నాజియంలో మూడు రోజుల ప్రయోగ తరగతులు ఉంటాయి. జర్మన్, లెక్కల్లో ఒకదాంట్లో 3, మరోదాంట్లో 4 తెచ్చుకుంటే చేర్చుకుంటారు. రెండింట్లోనూ 4 వస్తే తల్లిదండ్రుల ఇష్టానికే వదిలేస్తారు.

పదేళ్ళకు పిల్లల్ని ఇలా వేరు చేయడం నాకూ నచ్చదు. మీవారి కోపంలో న్యాయం ఉంది. ఆ దేశంలోనే దీని మీద ఏళ్ళ తరబడి వాదనలు జరుగుతున్నాయి. బెర్లిన్, బ్రాండెన్‌బుర్గ్‌లలో ప్రాథమిక బడి ఆరేళ్ళు. హాంబుర్గ్‌లోనూ ఆరేళ్ళు చేద్దామని ప్రభుత్వం పూనుకుంటే, 2010 జులైలో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో ఓటర్లు తిప్పికొట్టారు. తమ పిల్లలను త్వరగా గిమ్నాజియంలో వేరుగా కూర్చోబెట్టుకోవాలన్న చదువుకున్న కుటుంబాల పట్టుదల అక్కడ కనిపించింది. తల్లిదండ్రుల చదువూ స్థితిగతులూ పిల్లల ఫలితాలను బలంగా నిర్ణయిస్తున్న దేశాల్లో జర్మనీ ఒకటని 2001లో బయటికొచ్చిన తొలి పీసా (పలు దేశాల పదిహేనేళ్ళ పిల్లల చదువును పోల్చే పరీక్ష) ఫలితాలే చూపించాయి. ఆ దేశం అప్పుడు ఉలిక్కిపడింది. ఇప్పటికీ ఆ గాయం మానలేదు. 2022 పీసాలో జర్మనీ పిల్లల లెక్కల సగటు 475, ఆ దేశం ఇంతవరకూ తెచ్చుకున్న వాటిలో అన్నిటికన్నా తక్కువ. ఇంట్లో వేరే భాష మాట్లాడే పిల్లలే ఎక్కువగా నష్టపోతున్నారు. కాబట్టి టీచరు మాటను గౌరవించండి గానీ శిలాశాసనం అనుకోకండి. ఆవిడ మాట్లాడే వేళ అడిగి వెళ్ళండి. మీవాడి పరీక్ష కాగితాలు ముందు పెట్టించుకుని, ఏ ప్రశ్నలో భాష వల్ల మార్కు పోయిందో, ఏ ప్రశ్నలో విషయం తెలియక పోయిందో చూపించమనండి. అడిగే తల్లిదండ్రులను అక్కడి టీచర్లు తప్పుగా అనుకోరు. మన వాళ్ళు అడగరు, అదే ఇబ్బంది.

మన దేశం వైపు నుంచి ఆ పీసా అంకెలు చూసి సంబరపడటానికీ లేదు. 2009 విడతలో తమిళనాడు, హిమాచల్ ప్రదేశ్ పాల్గొని పట్టికలో దాదాపు అట్టడుగున నిలిచాయి. ఆ తర్వాత 2022 దాకా జరిగిన ఏ విడతలోనూ మనం పాల్గొనలేదు. ఏ దేశం చదువు మంచిదని మీరు అడిగిన ప్రశ్నకు దేశం మొత్తానికి ఒక్క జవాబు ఉండదని చెప్పడానికే ఇవన్నీ రాస్తున్నాను. వయసును బట్టి జవాబు మారుతుంది. పదేళ్ళ దాకా జర్మనీ మేలు. పదేళ్ళ దగ్గర జర్మనీ తప్పు చేస్తుంది. పన్నెండు నుంచి పదిహేడు దాకా తెలుగు రాష్ట్రాల్లో మనం అంతకన్నా పెద్ద తప్పు చేస్తున్నాం.

ఆ పెద్ద తప్పు గురించి మొహమాటం లేకుండా చెప్పాలి, ఎందుకంటే మీవారు దానిలోకే పిల్లవాణ్ని తీసుకురావాలని అనుకుంటున్నారు. జర్మనీ పదేళ్ళకు వేరు చేస్తుందని బాధపడుతున్నారు. ఇక్కడ ఆరో తరగతి నుంచే ర్యాంకును బట్టి సెక్షన్లు మారుస్తారు. ఇంటర్‌లో రెసిడెన్షియల్ క్యాంపస్‌లో తెల్లవారుజామున లేపి రాత్రి పది దాకా కూర్చోబెడతారు. పదిలక్షల మందికి పైగా జేఈఈ మెయిన్ రాస్తే 23 ఐఐటీల్లో కలిపి సీట్లు సుమారు 18 వేలు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చాక 20 మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. వాళ్ళలో కొందరు మార్కులు తప్పుగా పడ్డాయన్న గందరగోళం మధ్యనే వెళ్ళిపోయారు. నేను పాఠం చెప్పిన పిల్లల ఈడు వాళ్ళే అందరూ. ఆ వార్తలు చదివినప్పుడు కలిగిన బాధ నాకు ఇప్పటికీ తగ్గలేదు. హైదరాబాద్‌లో వేరే రకం బడులు లేవని అనను. ఉన్నాయి, కొన్ని చాలా మంచివి, ఫీజు లక్షల్లో ఉంటుంది. తిరిగి వస్తే అలాంటి బడి వెతుక్కోవాలే తప్ప, మీ ఆడపడుచు కొడుకును అందుకోవాలని పరుగు పెట్టించకూడదు.

రేయాల్‌షూలే వస్తే జీవితం అయిపోయినట్టు మన వాట్సాప్ గుంపుల్లో మాట్లాడుకుంటారు. అది నిజం కాదు. అక్కడ పదో తరగతి బాగా ముగించి ఫాఖ్‌ఓబర్‌షూలే అనే బడిలో 12వ తరగతి చేస్తే అనువర్తిత శాస్త్రాల విశ్వవిద్యాలయాల్లో ఇంజినీరింగ్ చదవచ్చు. 13వ తరగతి కూడా చేసి రెండో విదేశీ భాష ఉందని చూపిస్తే ఏ విశ్వవిద్యాలయానికైనా వెళ్ళవచ్చు. నా శనివారం తరగతిలోని ఒక పిల్లవాడు ఈ దారిలోనే వెళ్ళి ఇప్పుడు యంత్ర నిర్మాణం చదువుతున్నాడు. పదేళ్ళప్పుడు ఆ పిల్లవాడి తల్లి నా ముందు కూర్చుని ఏడ్చింది. ఇక వృత్తి విద్య. మూడు వందలకు పైగా వృత్తుల్లో వారంలో కొన్ని రోజులు కంపెనీలో, కొన్ని రోజులు బడిలో, జీతంతో నేర్పుతారు. మన కుటుంబాలు దీన్ని ఊహించుకోవడానికే ఇష్టపడవు. కొద్దిగా తెలుసుకుని ఉంచుకోండి, పిల్లవాడి చేతులు ఎటు మొగ్గుతాయో ఇంకా తెలియదు కదా.

వెళ్ళాలా ఉండాలా అన్నదానికి వస్తే, నా సలహా వయసును బట్టి ఉంటుంది. నాలుగో తరగతి ముగించి, పదకొండేళ్ళు నిండేలోగా తిరిగి వచ్చే పిల్లలు ఇక్కడ ఏడాదిలో కుదురుకుంటారు. పన్నెండు నుంచి పదహారు మధ్య తీసుకురావడం అన్నిటికన్నా చెడ్డ పని. అప్పటికి స్నేహాలు, భాష, సైన్సు పాఠాలు అన్నీ జర్మన్‌లో వేళ్ళూని ఉంటాయి. కాబట్టి వస్తే నాలుగో తరగతి తర్వాత రండి, లేదా గిమ్నాజియం చివర రాసే అబిటూర్ పరీక్ష దాకా ఉండిపోండి. మధ్యలో ఊగిసలాడకండి. వచ్చేటట్టయితే తెలంగాణలో 2018 చట్టం ప్రకారం సీబీఎస్‌ఈ బడుల్లో కూడా తెలుగు తప్పనిసరి. మీవాడికి మాట్లాడటం వచ్చినా చదవడం, రాయడం రాకపోతే ఇప్పటి నుంచే రోజుకు పది నిమిషాలు పలక పట్టించండి. అక్కడ జులై చివర్లో బడి ముగిసేసరికి ఇక్కడ తరగతులు మొదలై రెండు నెలలు అవుతుంది. కొన్ని సీబీఎస్‌ఈ బడులైతే ఏప్రిల్‌లోనే మొదలుపెడతాయి. సీటు ముందే మాట్లాడుకోండి. నివాస అనుమతి సంగతి మరిచిపోకండి. మామూలు అనుమతితో ఆరు నెలలు, పెద్ద చదువులు చదివిన విదేశీ ఉద్యోగులకు ఇచ్చే బ్లూ కార్డుతో పన్నెండు నెలలు దాటి దేశం బయట ఉంటే అది చెల్లకుండా పోతుంది. ఒక ఏడాది చూసి నచ్చకపోతే తిరిగి వెళదామనుకుంటే, బయల్దేరే ముందే విదేశీయుల కార్యాలయంలో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి. ఉండిపోతే మరో వెసులుబాటు ఉంది. ఐరోపా సమాఖ్య బయటి నుంచి వచ్చే విద్యార్థుల దగ్గర మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయం 2024 చలికాలం నుంచి సెమిస్టరుకు 2000 నుంచి 6000 యూరోల దాకా ఫీజు తీసుకుంటోంది. జర్మనీలోనే అబిటూర్ చేసిన పిల్లలు విదేశీ పౌరులైనా దానికి మినహాయింపు.

చివరిగా, మీరు ఒక్క వాక్యంలో రాసి దాటేసిన విషయం. అత్తగారు తెనాలిలో ఒంటరిగా ఉన్నారన్నారు. మీవారు తిరిగి వెళదామని ఇప్పుడు అంటున్నారు. ఈ రెండింటికీ సంబంధం ఉందేమో ఆయనను మెల్లగా అడిగి చూడండి. మగవాళ్ళు అమ్మ గురించి బెంగ పెట్టుకున్నప్పుడు ఆ మాట నేరుగా అనలేక పిల్లల చదువు, ఆఫీసు, వాతావరణం అంటూ చుట్టు తిరుగుతారు. అమ్మ కోసం తిరిగి రావడం చాలా మంచి కారణం. పిల్లవాడు కూడా నాయనమ్మ చేతి ముద్ద తిని పెరుగుతాడు, అది ఏ మ్యూనిక్ బడీ ఇవ్వలేదు. అదే నిజమైతే ఆ మాటే చెప్పి రండి. పిల్లవాడి జర్మన్ మార్కులను సాకుగా పెట్టుకుని వస్తే, తన వల్ల అందరూ ఊరు వదలాల్సి వచ్చిందని వాడు పెద్దయ్యాక కూడా అనుకుంటాడు. అత్తగారిని వేసవిలో మూడు నెలలు మీ దగ్గరికి పిలిపించుకునే వీలుందేమో కూడా ఆలోచించండి. స్వల్పకాల వీసాకు 90 రోజులు ఇస్తారు. ఆవిడకు ప్రయాణ బీమా తప్పనిసరి. జూన్‌లో వస్తే పిల్లవాడు ఆవిడను తన బడి దారి వెంట నడిపించి తీసుకెళతాడు. మీవారితో ఈ సంభాషణ ఈ ఆదివారమే పెట్టుకోండి, వాడు ఆడుకోవడానికి బయటికి వెళ్ళిన వేళ చూసి.